చూసినందుకు డబ్బులా?

ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు చూసి రాయమని సంపాదకుడు అమలాపురం పంపితే, రాయాల్సినదంతా ఒక మెకానిక్ కుడి అరచేతిలోనే కనిపించింది. చల్లబడటం లేదంటూ ఆటోలో దింపిన ఫ్రిజ్ ముందు ఆయన చాలాసేపు ఒక్క పనిముట్టూ ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి, కొంతసేపు ఆగి, అరచేతిని పక్కగోడకి ఆనించాడు. తర్వాత వెనక్కి వంగి కంప్రెసర్ మీద పెట్టాడు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనకాల నల్లజాలీ ఉండదు. వేడిని బయటికి వదిలే గొట్టాలు పక్కరేకుల లోపలే ఉంటాయి. ఆ గోడ వెచ్చబడిందంటే గ్యాస్ తిరుగుతున్నట్టే. కంప్రెసర్ ఆగకుండా నడుస్తున్నా గోడ వెచ్చబడకుండా, ఫ్రీజర్‌లో మంచు ఒక మూలే పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్‌ని అనుమానించాలి. కంప్రెసర్ కాసేపు మూలిగి ‘టక్’మని ఆగిపోతుంటే తప్పు రిలేలోనో, కెపాసిటర్‌లోనో, వీధిలో వచ్చే వోల్టేజీలోనో వెతకాలి. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లో పైన ఐస్ గడ్డకడుతూ కింద పెరుగు పులిసిపోతోందంటే చలిగాలిని కిందికి తోసే ఫ్యాన్‌నీ, మంచు కరిగించే హీటర్‌నీ చూడాలి. ఇంతవరకూ తేల్చడానికి చెయ్యి, చెవి, ఓపిక చాలు. ఆ ఓపికకే మన దగ్గర ధర లేదు.

ఫ్రిజ్ తెచ్చిన మనిషి ఆటో దిగుతూనే అడిగిన మాట ‘గ్యాస్ అయిపోయిందాండీ?’ అని. అందరూ అదే అడుగుతారట. వంటగ్యాస్ బండ అయిపోతుంది, బండిలో పెట్రోలు అయిపోతుంది, కాబట్టి ఇదీ అయిపోతుందనుకోవడం సహజమే. కానీ ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో ఆవిరై, మళ్లీ ద్రవమై, అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఫ్యాక్టరీలో నింపింది ఆ ఫ్రిజ్ పాతసామాన్లకి పోయేదాకా ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉంది, ఆ చిల్లి వెతక్కుండా గ్యాస్ కొట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. మెకానిక్ ఫిర్యాదు ఏమిటంటే, గ్యాస్ కొట్టానంటే మారుమాట లేకుండా డబ్బు ఇచ్చేవాళ్లే, గ్యాస్ బాగానే ఉంది, ఫలానాచోట తప్పుందని చెప్పి కూలి అడిగితే ‘చూసినందుకు డబ్బులా?’ అంటారని. మెకానిక్‌లంతా మోసగాళ్లని తిట్టుకోవడం మనకి అలవాటు. నిజం చెప్పినవాడికి చేతికేమీ రాక, అబద్ధమాడినవాడికి గిట్టుబాటయ్యే ఈ ఏర్పాటు ఎవరు చేశారో మాత్రం అడగం.

కోనసీమలో ఈ చూపు అవసరం ఇంకా ఎక్కువ. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న నేల ఇది. గాలిలో ఎప్పుడూ చెమ్మే. తలుపు రబ్బరు కాస్త బిగుతు తప్పితే చాలు, ఆ చెమ్మంతా లోపలికి పోయి మంచై కూర్చుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్తే దానికి ఉప్పుగాలి తోడు. ఇనపగొట్టం తుప్పుపట్టి సూదిబెజ్జం పడిందంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మంచు కరిగేదాకా ఆగలేక కత్తితో గీకి ఫ్రీజర్‌కి చిల్లి పెట్టుకునేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇక వరదలు. 2022 జూలైలో గోదావరి పొంగి లంక గ్రామాలు మునిగాయి. నీళ్లలో నానిన ఫ్రిజ్ అంటే పాతసామాన్లకే అనుకుంటాం. కానీ కంప్రెసర్ చుట్టూ వెల్డింగ్ చేసి మూసిన ఇనపకుండ. నీళ్లు లోపలికి వెళ్లవు, పాడయ్యేది ఎక్కువగా బయట ఉండే రిలే, వైర్ల కొసలు. వెంటనే ప్లగ్గు పెట్టకుండా బాగా ఆరబెట్టి, చూడగలిగినవాడు చూస్తే కొన్నయినా బతుకుతాయి. చూడటానికి కూలి లేనిచోట ఆ మనిషి ఎందుకు ఉంటాడు?

కొత్త ఫ్రిజ్ కరెంటు తక్కువ తింటుంది కదా, పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకన్న మాటలో బలం ఉంది. 2010 నుంచి ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌ల మీద స్టార్ల లేబుల్ తప్పనిసరి అయింది, అంతకు ముందువి మార్చుకుంటే మంచిదే కావచ్చు. చిన్న రిలే పోయిందని ఆరేళ్ల ఫ్రిజ్‌ని పారేయడానికి మాత్రం ఆ వాదన పనికిరాదు. అంతకంటే గట్టి అభ్యంతరం గ్యాస్ గురించి. ఓజోన్ పొరను చెరిచే పాత ఆర్-12, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని పోయింది. తర్వాత 134ఏ వచ్చింది, ఇప్పుడు ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాస్‌కి దగ్గరి చుట్టం, మండుతుంది. అలాంటిదాని దగ్గర వీధి మెకానిక్‌ని వెల్డింగ్ టార్చి పట్టుకోనివ్వవచ్చా? శిక్షణ లేనివాణ్ని పట్టుకోనివ్వకూడదు, ఒప్పుకుంటాను. అయితే గోడమీద చెయ్యి పెట్టి చూడటంలో ప్రమాదమేమీ లేదు. నేర్పడానికి ఐటీఐలలో రెండేళ్ల కోర్సు ఉండనే ఉంది. ఇంకో సంగతి: ఈ గ్యాస్ ఫ్రిజ్‌కి సాధారణంగా వంద గ్రాముల లోపే పడుతుంది, కాటాలో తూచి పోయాలి. గ్యాస్ కొడితేనే డబ్బులొచ్చేవాడు కాటా కొనడు, అందాజాగా కొట్టేస్తాడు. చూపుకి కూలి కట్టని పొదుపు చివరికి మన వంటింట్లోకే ప్రమాదాన్ని తెస్తోంది.

ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో అంతా సర్క్యూట్ బోర్డే, అరచేతికి ఏం తెలుస్తుందనేవాళ్లకి కూడా సగం సమాధానమే ఉంది. బోర్డు లోపలి సంగతి కంపెనీ మాన్యువల్ చెప్పాలి, చేతికి అందదు. అందుకే కేంద్రం 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా పెట్టింది. అదే ఏడు వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత ఫ్రిజ్‌ల బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి, కానీ అది చచ్చినదాన్ని ఎలా దహనం చెయ్యాలన్న ఏర్పాటు. బోర్డు సరే, తలుపు రబ్బరు మాత్రం ఇప్పటికీ రబ్బరే.

ఆవేళ తప్పు తేలింది అక్కడే. పక్కగోడ వెచ్చగానే ఉంది. మెకానిక్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే, పట్టే లేకుండా జారి వచ్చేసింది. గట్టిపడిన రబ్బరుని వేడినీళ్ల గుడ్డతో మెత్తబరిచి, చేత్తో సాగదీసి, మళ్లీ నోటు పెట్టి చూశాడు. ఈసారి రాలేదు. ‘ఎంతండీ’ అంటూ జేబులో చెయ్యి పెట్టిన యజమాని, గ్యాస్ కొట్టలేదని తెలిశాక ఆ చేతిని జేబులోనే ఉంచేశాడు.