క్యాంప్ 1లో గాలి లెక్క

హౌరా నుంచి ముంబయికి పోయే రైలుమార్గం భిలాయి పట్టణాన్ని రెండుగా విడదీస్తుంది. ఒకవైపు ఉక్కు కార్ఖానావారి నగరం ఉన్నది. అంకెలతో పిలిచే సెక్టార్లు, వెడల్పయిన వీధులు, చెట్ల నీడలు, ఒకే కొలతతో లేచిన క్వార్టర్లు అక్కడ కనిపిస్తాయి. పట్టాలు దాటి అవతలికి పోతే, పటం గీయకుండానే పెరిగిన మరొక భిలాయి ఎదురవుతుంది. ఇరుకు సందులు, ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన ఇళ్ళు, ఇంటిముందే దుకాణం, దుకాణం ముందే బండి. ఈ రెండవ భిలాయిలోని ఒక పేట పేరు క్యాంప్ 1.

ఆ పేరులోనే దాని పుట్టుక ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న ఉక్కు కార్ఖానా నిర్మాణానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరినది. నాటి మధ్యప్రదేశ్‌లోని ఈ పల్లెసీమకు దేశం నలుమూలల నుంచి శ్రామికులు తరలివచ్చారు. పునాదులు తవ్వినవారు, ఇటుకలు మోసినవారు, ఇనుము అతికినవారు తలదాచుకొన్న శిబిరాలే ఈ క్యాంపులు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కట్టడం ముగిస్తే శిబిరం ఎత్తివేయడం లోకరివాజు. ఇక్కడ అలా జరగలేదు. శిబిరం వీధి అయినది, వీధి పేట అయినది. పేరు మాత్రం మారలేదు.

అలా వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు కూడా ఉన్నారు. వారికి సొంత ఊరితో సంబంధం తెగిపోలేదు. పెళ్ళికి, పండుగకు, పెద్దల తద్దినానికి ప్రయాణం తప్పదు. రైలు దొరకనినాడు కారే గతి. రాయపూరు దాటి ధంతరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటు, జగదల్‌పూర్, జయపురం, కోరాపుట్, సాలూరు ఘాటు మీదుగా సాగే పాత రహదారిలో విజయనగరం చేరాలంటే ఒక పగలంతా చాలదు. కొండమలుపులు, మండుటెండ, నిండుగా మనుషులు, పైకప్పున సామాను. ఇంతటి బరువును మోసేది నాలుగు టైర్లలోని గాలి.

వెలిగి ఆరని దీపం

ఆ గాలి తగ్గినదని చెప్పడానికి ఇటీవలి కార్లలో ఒక దీపం ఉంటుంది. గుర్రపు నాడా ఆకారంలో, నడుమ ఆశ్చర్యార్థకంతో, పసుపుపచ్చగా డాష్‌బోర్డు మీద వెలుగుతుంది. కారు కొత్తగా ఉన్నప్పుడు ఈ దీపం వెలిగితే యజమాని వెంటనే బండి ఆపుతాడు. ఏడెనిమిది ఏండ్లు గడిచేసరికి కథ మారుతుంది. గాలి సరిగానే ఉంటుంది, అయినా దీపం వెలుగుతుంది. మెకానిక్కు చూస్తాడు, నాలుగు టైర్లూ బాగున్నాయంటాడు. రెండుమూడు సార్లు ఇలా జరిగిన తరువాత ఆ దీపాన్ని ఎవరూ లెక్కచేయరు. కొందరు దానిమీద నల్లటీపు అంటించి ఊరుకొంటారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఇది యంత్రం చేసిన మోసం కాదు. చక్రంలో, వాల్వు మొదట్లో అమర్చిన చిన్న సెన్సరు లోపలి గాలి పీడనాన్ని కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు కబురు పంపుతుంది. దానికి ప్రాణం ఒక చిన్న లిథియం బ్యాటరీ. బండి నిలిచి ఉన్నప్పుడు సెన్సరు నిద్రపోతుంది, కదిలినప్పుడు మేల్కొంటుంది. ఎంత పొదుపుగా వాడుకొన్నా ఆ బ్యాటరీ ఆయువు సాధారణంగా 5 నుంచి 10 ఏండ్లు. తేమ, అదురు తగలకుండా దానిని సెన్సరుతో కలిపి గట్టి రెజినులో పోతపోస్తారు. అందువల్ల గడియారానికి మార్చినట్లు బ్యాటరీని ఒక్కదానినే మార్చడానికి వీలుండదు. సెన్సరునే మార్చాలి.

మన దేశంలో సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లుతుంది. ఆపైన పరీక్షలో నెగ్గితే ఐదేసి ఏండ్లు పొడిగిస్తారు. అంటే బండికన్నా ముందే దాని కాపలాదారు కన్నుమూస్తాడన్నమాట.

ఒకే రోజు, రెండు పుట్టుకలు

ఈ దీపం అన్ని కార్లలోకి రావడం వెనుక ఒక విషాదం ఉన్నది. 1986లోనే జర్మనీకి చెందిన పోర్షే 959 కారులో ఇటువంటి ఏర్పాటు ఉండేది, కాని అది సంపన్నుల సొగసు. 2000లో అమెరికాలో టైర్లు విచ్చిపోయి పెద్ద కార్లు పల్టీకొట్టిన ప్రమాదాలు వరుసగా వెలుగులోకి వచ్చాయి. రెండువందల మందికి పైగా మరణించారు. లక్షల సంఖ్యలో టైర్లను వెనుకకు తీసుకొన్నారు. ఆ అలజడి ఫలితంగా వచ్చిన చట్టంపై అధ్యక్షుడు క్లింటన్ 2000 నవంబరు 1న సంతకం చేశారు. చిత్రమేమంటే, భిలాయి మధ్యప్రదేశ్‌ను వీడి కొత్తగా పుట్టిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరినది కూడా ఆ రోజే. 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ ఈ హెచ్చరిక తప్పనిసరి అయినది. 2014 నవంబరు నాటికి ఐరోపా సమాజంలోనూ అదే నియమం అమలుకు వచ్చినది.

భారతదేశంలో 2020లో వచ్చిన ఒక సవరణ ఈ సెన్సరుకు మరింత బాధ్యత అప్పగించినది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు మరమ్మతు సామగ్రి, గాలి పీడనం కనిపెట్టే ఏర్పాటు ఈ మూడూ ఉన్న 3.5 టన్నుల లోపు కార్లకు స్టెప్నీ లేకపోయినా చెల్లుతుందని నియమం చేశారు. కారు కొత్తగా ఉన్నంతకాలం ఇది సౌకర్యమే. కాని పదేళ్ళ తరువాత సెన్సరు చచ్చి, స్టెప్నీ మొదటినుంచీ లేక, రాత్రివేళ కేశ్‌కాల్ ఘాటులో టైరు దిగిపోతే ఆ కుటుంబానికి దిక్కెవరు? పాతకారును కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్నలలో ఇది ఒకటి.

ఎండ, గాలి, అపోహ

భిలాయిలో వేసవి తీవ్రమైనది. మే నెలలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ వరకు పోతుంది. ఇక్కడ పుట్టిన అపోహ కాదుగాని, ఇక్కడ కూడా బలంగా నాటుకొన్న అపోహ ఒకటి ఉన్నది. వేడికి గాలి ఉబ్బి టైరు పేలుతుంది కనుక వేసవిలో గాలి తగ్గించి నడపాలని చాలామంది నమ్మకం. నిజం దీనికి విరుద్ధం. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి. ఆ వంపులోనుంచి వేడి పుడుతుంది. తీగను అటూ ఇటూ పదేపదే వంచితే ఎలా కాగుతుందో ఇదీ అంతే. వేడికి రబ్బరుకూ లోపలి తీగల అల్లికకూ మధ్య పట్టు వదులుతుంది. పేలుడుకు దారితీసేది ఎక్కువగా ఈ కొరతే.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే కారు టైరులో పీడనం దాదాపు ఒకటిన్నర పౌన్లు మారుతుంది. మే నెల మధ్యాహ్నం చదరపు అంగుళానికి 32 పౌన్లు నింపిన టైరు, గాలి ఏమాత్రం కారకపోయినా, 10 డిగ్రీల చలి ఉన్న డిసెంబరు తెల్లవారుజామున 27 పౌన్లకు దిగుతుంది. నెలకు ఒక పౌను సహజంగా జారిపోయేది దీనికి అదనం. అమెరికా నియమం ప్రకారం నిర్ణీత పీడనం నాలుగోవంతు పడిపోయేసరికి దీపం వెలగాలి. అంటే 32 ఉండవలసినచోట 24కు దిగితే చాలు, హెచ్చరిక వస్తుంది. దానికి పైన, 25కో 26కో దిగిన టైరును గురించి బాగున్న సెన్సరు సైతం మౌనం వహించవచ్చు. దీపం ఆఖరి హెచ్చరికే గాని మొదటి కొలత కాదు.

దీపం భాష

రోగం తెలుసుకోవడానికి మొదట దీపం వెలిగే తీరు గమనించాలి. ఎడతెగక వెలిగితే చాలా కార్లలో గాలి తగ్గినదని అర్థం. బండి స్టార్టు చేయగానే ఒక నిమిషంపాటు మినుకుమినుకుమని, ఆ తరువాత నిలకడగా వెలిగితే సెన్సరులోనో దాని ఏర్పాటులోనో లోపమున్నదని అర్థం. ఏదైనా సరే, ముందు గేజితో అన్ని టైర్లనూ కొలవాలి. కొన్ని బండ్లలో స్టెప్నీకి కూడా సెన్సరు ఉంటుంది. దానిని మరచి మిగిలిన నాలుగింటినీ అనుమానించేవారున్నారు. మరికొన్ని కార్లలో చక్రంలో సెన్సరే ఉండదు. బ్రేకుల ఏర్పాటు చక్రాల వేగాన్ని పోల్చి, గాలి తగ్గి చిన్నదైన చక్రాన్ని పట్టుకొంటుంది. అటువంటి బండిలో గాలి నింపిన తరువాత మీట నొక్కి కొత్త లెక్క నేర్పితే చాలు.

సెన్సరు చచ్చినదో లేదో తేల్చే చేతి పరికరాలు ఇప్పుడు వచ్చాయి. చక్రం దగ్గర పెట్టి ఒక్కొక్క సెన్సరును పలకరించి చూస్తారు. ఒకటి వయసు మీరి పోయినదంటే మిగిలినవీ అదే దారిలో ఉన్నాయని గ్రహించాలి, అన్నీ ఒకేరోజు బిగించినవే కదా. టైర్లు మార్చే సమయంలోనే నాలుగు సెన్సర్లూ మార్పిస్తే విప్పి బిగించే కూలి ఒకసారితో పోతుంది. కొత్తవాటి గుర్తింపు సంఖ్యలను కారుకు నేర్పించడం మరచిపోరాదు.

టైరు విప్పేముందు చక్రంలో సెన్సరు ఉన్నదని పనివానికి చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. ఇనుప లీవరు ఒక్కసారి తప్పుగా పడితే అది ముక్కలవుతుంది. వాల్వు అల్యూమినియందైతే లోపలి కోరు నికెలు పూత పూసినదే ఉండాలి. మామూలు ఇత్తడి కోరు బిగిస్తే రెండు లోహాల మధ్య తేమ చేరి తుప్పు పుడుతుంది. తరువాత విప్పబోతే వాల్వు విరుగుతుంది. మూతలు కూడా ప్లాస్టిక్‌వే మేలు.

అంత ఖర్చు భరించలేనివారికి వాల్వు మూతగా బిగించే సెన్సర్లు, వాటితోపాటు చిన్న తెర దొరుకుతాయి. వాటి బ్యాటరీ మార్చుకోవచ్చు. బిగింపు సరిగా లేకపోతే వాటి దగ్గరే గాలి కారవచ్చునన్న మెలకువ మాత్రం ఉండాలి.

చేతి విద్య

ఇంత సరంజామా లేని కాలంలోనూ బండ్లు నడిచాయి. సాలూరు నుంచి రాయపూరుకు దశాబ్దాలుగా తిరుగుతున్న లారీల వెనుక చక్రాలు జంటలుగా ఉంటాయి. లోపలి టైరు కంటికి కనిపించదు. అందుకే బండి ఆపినప్పుడల్లా డ్రైవరో క్లీనరో ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరునూ కొట్టి చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే సరే, మెత్తగా పలికితే ఆ జంటలోని రెండవ టైరు ఒంటరిగా బరువు మోస్తున్నదని తెలుస్తుంది. పంక్చరు షాపులో సబ్బునీరో నీళ్ళతొట్టో చూపే బుడగ చిన్న కారుడును సైతం పట్టిస్తుంది. క్యాంప్ 1లో తెలుగువాని నోట కూడా గాలి ‘హవా’ అవుతుంది. “భయ్యా, హవా చూడు” అనే ఆ ఒక్క మాటకు పట్టే సమయం ఐదు నిమిషాలు.

ఆ మాట నెలకొకసారి, దూరప్రయాణానికి ముందు మరొకసారి, బండి నడవకముందు టైరు చల్లగా ఉన్నప్పుడు అనాలి. ఎంత నింపాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో రాసి ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. సొంత గేజి ఒకటి బండిలో ఉంచుకొంటే మరీ మంచిది.

పట్టాలకు అవతల ఉన్న కార్ఖానా ఇదే నీతిని మరొక విధంగా చెబుతుంది. దాదాపు 1,600 డిగ్రీల వద్ద కాగే ద్రవపు ఉక్కు వేడిని కొలవడానికి ఉక్కు కార్ఖానాలలో గొట్టం చివర ఒక కొలతమొనను తొడిగి ముంచుతారు. ఒక్క కొలతతో ఆ మొన పని ముగుస్తుంది. తరువాతి కొలతకు కొత్తది తొడుగుతారు. కొలిచే సాధనానికి ఆయువు ఉన్నదని, అది తీరగానే మార్చాలని అక్కడ ఎవరూ విచారించరు, వాదించరు. కాలిపోయిన మొన చెప్పే అంకెను నమ్మి కొలిమి నడిపేవారు ఉండరు.

పాతబండికీ అదే న్యాయం. సెన్సరు చచ్చినంతమాత్రాన కారును పారవేయనక్కరలేదు. తాత్కాలికమన్న పేరుతో పుట్టిన క్యాంప్ 1 ఇన్ని దశాబ్దాలుగా నిలిచినది ఇంటికప్పును, గోడను, గడపను ఏటేటా ఎవరో ఒకరు చూసుకొంటున్నందువల్లనే. ఆయువు మించిన వస్తువు కోరేది ఆ మాత్రపు చూపే. దీపం పనిచేసేటట్లు చేసుకోవాలి. చేయలేనినాడు దాని బదులు చేతిలో గేజి పట్టుకోవాలి. ఈ రెండూ లేకుండా పిల్లాపాపలతో ఘాటురోడ్డెక్కడం మాత్రం ఎవరికీ తగదు.