నిదానము: ఒక పాత పికప్పు బండి

నిదానమను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. వైద్యులు రోగకారణమును నిర్ణయించుటను నిదానమందురు. తక్కినవారు తొందరపాటు లేని నడతను నిదానమందురు. ఈ రెండర్థములును ఒకే మాటలో నేల యిమిడెనో మాకొక పాత పికప్పు బండి బోధించినది. యంత్రములయందు ఆసక్తిగల విద్యార్థులకును, పాత వాహనములతో జీవనము సాగించు తలిదండ్రులకును ఆ పాఠము ఉపకరింపవచ్చునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది మదనపల్లె ప్రాంతమున టమోటా పండించు కుటుంబము. టమోటా చాల దినములు నిలువయుండు పంట కాదు. కోసిన కాయ సకాలమున వేలమునకు చేరనియెడల మెత్తబడి వెల తగ్గిపోవును. బాడుగ బండ్లకై యెదురుచూచు బాధ తప్పించుకొనుటకై మేమును మా తమ్ముడును కలిసి, పదునెనిమిదేండ్లు నడిచిన డీజిలు పికప్పు నొకదానిని కొంటిమి. అది అంతకుముందే మూడు చేతులు మారిన బండి. వేసవిలో చక్కగనే నడిచినది. చలికాలము రాగానే మూడు రోగములు బయటపడినవి. తెల్లవారుజామున సెల్ఫు నీరసముగ తిరుగుచుండెను. ఎంతసేపు తిప్పినను ఇంజను అందుకొనకుండెను. పగటివేళ బరువుతో మిట్టలెక్కునపుడు వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీటును సమీపించుచుండెను.

ఒక షెడ్డులో చూపించితిమి. అచ్చటివారు బానెట్టు ఎత్తి, చప్పుడు విని, ఇంజను దించి బోరు చేయించి పిస్టనులు, రింగులు మార్చవలసినదే యనిరి. వారు చెప్పిన మొత్తము మేము బండికి పెట్టిన వెలలో సగమునకు మించెను. అంత సొమ్ము మాయొద్ద లేకపోలేదు. కాని యది యీ పాఠశాలలో చదువుచున్న మా పిల్లలిద్దరి ఫీజులకును, హాస్టలు ఖర్చులకును తీసిపెట్టినది.

“అన్నా, బండినైన అమ్ముదము గాని పిల్లల డబ్బు ముట్టవద్దు” అని మా తమ్ముడనెను.

“అమ్మినను, బాగుచేయించినను, ముందు జబ్బేమో తెలియవలెను గదరా” అని మేమంటిమి.

ఆ సాయంకాలమే ఒక నోటుపుస్తకమును, విద్యుత్తును కొలుచు చిన్న మీటరును తీసికొని బండి యెదుట కూర్చుంటిమి.

ఇచ్చట డీజిలు ఇంజను పనిచేయు తీరును కొంచెము చెప్పవలసియున్నది. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు గొట్టము వేడెక్కుట విద్యార్థులెల్లరు ఎఱిగినదే. నొక్కబడిన గాలి వేడెక్కును. ఈ స్వభావమును ఆధారముగ గొనియే రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో జర్మనీయందలి ఆగ్స్‌బర్గు పట్టణమున తన ఇంజనును జయప్రదముగ నడిపి చూపెను. ఇందు నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలి సుమారు 18వ వంతునకు నొక్కబడి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన వేడిని పొందును. అప్పుడు నాజిలు చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. కావున ఇంజను అందుకొనుటకు మూడు విషయములు కావలయును: తగిన వేగముతో తిరుగుట, గాలి గట్టిగ నొక్కబడుట, డీజిలు సరిగా అందుట. షెడ్డువారు రెండవదానినే దోషిగ నెంచిరి. మేము మూడింటిని వేరువేరుగ విచారింప నిశ్చయించితిమి.

రింగులు అరిగినచో ఇంజను నడచుచుండగా నూనె పోయు మూత తీసినపుడు పొగ బుసబుస వెలువడును. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చును. వారము వారము నూనె తగ్గిపోవును. మా బండియందు ఈ మూడు గుర్తులలో నొకటియు లేదు. కావున ఖర్చు ఎక్కువైన ఆ యనుమానమును చివరకు నిలిపి, ఖర్చు తక్కువైనవానిని మొదట పట్టుకొంటిమి.

మొదటిది సెల్ఫు నీరసము. రాత్రి విశ్రాంతి తీసికొన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపెను. ఆరు అరలు గల బ్యాటరీ నిండుగ నున్నదనుటకు అదియే గుర్తు. సెల్ఫు తిరుగుచుండగా సయితము అది 11.4 కంటె దిగలేదు. బలము బ్యాటరీలో నున్నది గాని సెల్ఫునకు చేరుట లేదన్నమాట. అప్పుడు మీటరు తీగల నొకదానిని బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవదానిని ఇంజను ఇనుమునకును ఆనించి, మా తమ్మునిచే సెల్ఫు కొట్టించితిమి. అర వోల్టు దాటగూడని చోట 1.4 వోల్టులు కనబడెను. ఎర్తు తీగ ఇంజనునకు బిగించిన చోట రంగు, త్రుప్పు, మట్టి కలిసి యొక పొరగ నేర్పడియుండెను. దానిని విప్పి, గరుకు కాగితముతో మెరయునట్లు రుద్ది, తిరిగి బిగించితిమి. మరల కొలువగా 0.2 మాత్రమే వచ్చెను. సెల్ఫు క్రొత్తదానివలె తిరిగినది. ఖర్చు ఒక గరుకు కాగితము.

అయినను ఇంజను వెంటనే అందుకొనలేదు. వెనుకకు పోయి పొగగొట్టమును చూచితిమి. సెల్ఫు తిరుగుచుండగా తెల్లని పొగ వచ్చెనేని డీజిలు లోనికి చేరుచున్నది గాని మండుట లేదని తెలియును. పొగయే రానిచో డీజిలే చేరుట లేదని యనుమానింపవలయును. మాకు పొగ రాలేదు. ఫిల్టరు దగ్గరనున్న చేతిపంపును నొక్కితిమి. మొదట మెత్తగ దిగి, ఇరువది పోట్లు పొడిచిన పిదప గట్టిపడెను. అటుపిమ్మట సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకొన్నది! గొట్టములోనికి గాలి చేరి, రాత్రివేళ డీజిలు ట్యాంకునకు తిరిగి జారిపోవుచున్నదని దీనివలన ఊహించితిమి.

ఊహ రుజువు కాదు. ఆ రాత్రి ఒక శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, దానిని పంపుకంటె ఎత్తున కట్టి, వేరు గొట్టముతో నేరుగ పంపునకు కలిపితిమి. తెల్లవారి చలిలో బండి మొదటి తిప్పుటలోనే లేచినది. పిస్టనులు, రింగులు, నాజిళ్లు అన్నియు ఒక్క పరీక్షతో నిర్దోషులైనవి. దోషము ట్యాంకునకును పంపునకును నడుమ నున్నదని తేలినది. ఆ దారి పొడవున ఎచ్చటను తడి కనబడకపోవుట మొదట వింతగ తోచెను. కాని పంపు డీజిలును పీల్చుకొను వైపున చీలిక యున్నచో డీజిలు బయటికి కారుటకు మారుగ గాలి లోనికి పోవుట గలదు. ట్యాంకు చెంత క్లిప్పు క్రింద రబ్బరు గొట్టము వెండ్రుకవాసి చీలియుండెను. జానెడు గొట్టమును, రెండు క్లిప్పులును మార్చితిమి. షెడ్డువారి మాట వినియున్నచో కొండను త్రవ్వినను ఈ యెలుక దొరకెడిది కాదు.

మూడవది వేడి. నీటిలో నూనె గాని, నూనెలో నీరు గాని కలియలేదు. చల్లని ఇంజనును మూత తీసి నడిపినను రేడియేటరులో బుడగలు రాలేదు. కావున హెడ్డు గ్యాస్కెట్టును ప్రక్కకు పెట్టితిమి. థర్మోస్టాటును ఊడదీసి, గిన్నెడు నీళ్లలో వ్రేలాడదీసి కాచితిమి. దానిమీద చెక్కియున్న 82 డిగ్రీల దగ్గర అది చక్కగ తెరచుకొన్నది. తుదకు దీపము పట్టి రేడియేటరు వెనుకనుండి చూడగా వెలుతురు ఆవలికి కనబడలేదు. రేకుల నడుమ దుమ్ము, గడ్డిపరకలు, పురుగులు పేరుకొని గాలిదారిని మూసివేసినవి. ఇంజను వైపునుండి బయటికి మెల్లగ నీరు పారించి కడిగితిమి. ఆనాటినుండి నిండు బరువుతో మిట్టలెక్కినను ముల్లు నడుమనే నిలుచుచున్నది.

ఈ పనిలో మేము రెండు నియమములు పాటించితిమి. ఒకటి, ఒకసారి ఒక్కదానినే మార్చుట. రెండు మూడు ఒక్కమారే మార్చినచో ఏది బాగుచేసెనో తెలియదు, ఫలము కాకతాళీయమగును. రెండు, మార్చకముందును మార్చిన పిదపను కొలిచి పుస్తకమున వ్రాయుట.

ఇంతమాత్రమున మెకానిక్కుల అవసరము లేదని మా భావము కాదు. బ్రేకు పెడలు మెల్లగ క్రిందికి దిగుచుండుట కనుగొన్నప్పుడు మేము దానిని విప్పలేదు. బరువు మోయు బండి బ్రేకులు పరుల ప్రాణములతో ముడిపడినవి. అనుభవముగల మేస్త్రీకి చూపి, “ఇది మార్చుము” అనక, “కాలు ఆనించియుంచినచో పెడలు దిగుచున్నది, బయట ఎచ్చటను తడి లేదు” అని చెప్పితిమి. అతడు విని సంతోషించి, మాస్టరు సిలిండరును పరీక్షించి, దాని లోపలి రబ్బరులు పోయినవని నిర్ణయించి బాగుచేసెను. వైద్యునకు లక్షణములు చెప్పవలయును గాని మందు చెప్పరాదు.

బాలురకు మరికొన్ని హెచ్చరికలు. వేడిగనున్న రేడియేటరు మూతను తీయరాదు. మరుగునీరు ముఖమున చిమ్మును. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు. గట్టి స్టాండులు పెట్టి, చక్రములకు రాళ్లు అడ్డము వేయవలయును. బ్యాటరీ దగ్గర నిప్పు చూపరాదు. నాజిలు చిమ్ము డీజిలునకు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పెద్దలు దగ్గర లేనిదే యీ పనులకు పూనుకొనరాదు.

బ్రేకు పని కూలితో కలిపి మాకైన ఖర్చు షెడ్డువారు చెప్పినదానిలో ఇరువదవ వంతైనను కాలేదు. పిల్లల ఫీజులు గడువులోపలనే చెల్లించితిమి. ఇప్పుడు బండి నడుపుట నేర్చుకొనుచున్న మా పెద్దవానికి ముందుగ ఇచ్చినది తాళపుచెవి కాదు, ఆ నోటుపుస్తకము. మొన్న వాడు దానిలో తన చేతివ్రాతతో మొదటి పంక్తి వ్రాసినాడు: “ఎడమ దీపము మసకగ నున్నది. ఎర్తు చూడవలెను.”