చెరి సగం లెక్క

ఫ్రీమాంట్, 2025 మార్చి 3, సోమవారం

సోమ, మంగళ చిన్నోడు నా దగ్గర. బుధ, గురు వాళ్ళ నాన్న దగ్గర. శుక్రవారం నుంచి ఆదివారం దాకా వారం విడిచి వారం. ఇక్కడ దీన్ని 2-2-5-5 అంటారు. ఇది ఖాయమైన రోజే వాళ్ళ నాన్న తేల్చేశాడు: "రోజులు చెరి సగం. ఇంక ఎవరు ఎవరికి ఇచ్చేదేముంది?" లాయరమ్మ మాత్రం ఇద్దర్నీ జీతాల కాగితాలు తెమ్మంది. రోజులు సమానమైనంత మాత్రాన జీతాలు సమానమవుతాయా అంటుంది.

మార్చి 6, గురువారం

చిన్నోడి పోషణకు ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చే లెక్కకు కావలసింది చేతికొచ్చే నికర ఆదాయం. పన్నులు, సోషల్ సెక్యూరిటీ, ఆరోగ్య బీమా ప్రీమియం తీసెయ్యొచ్చు. కారు వాయిదాలు, రిటైర్మెంటు కోసం నా అంతట నేను దాచుకునే 401(కె), అమ్మకు నెలనెలా తెనాలి పంపేది తీసెయ్యడానికి లేదు. చివరికి నాకు నెలకు 6,400 డాలర్లు తేలింది. లేఆఫ్ తర్వాత కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటున్న ఆయనకు 3,600.

మార్చి 8, శనివారం

సూత్రం కాలిఫోర్నియా ఫ్యామిలీ కోడ్ 4055వ సెక్షన్లో ఉంది. నేనే కాగితం మీద వేసి చూశాను. ఇద్దరిదీ కలిపి 10,000. అందులో సగం 5,000. నా ఆదాయం దానికన్నా 1,400 ఎక్కువ. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న పట్టీ ప్రకారం, ఇద్దరి మొత్తం 5,001 నుంచి 10,000 దాకా ఉంటే గుణకం 0.25. బిడ్డ సగం కాలం అక్కడా సగం కాలం ఇక్కడా ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 0.375. హెచ్చవేస్తే నేను నెలకు ఇవ్వాల్సింది 525. ఇద్దరు పిల్లలైతే 1.6 రెట్లయి 840 అయ్యేది.

బడి అయ్యాక ఉంచే డేకేర్ ఫీజు, బీమా భరించని వైద్యం ఖర్చు దీని మీద అదనం. అవి ఇద్దరి ఆదాయాల నిష్పత్తిలో పంచుకోవాలి.

మార్చి 9, ఆదివారం

అమ్మ ఫోన్లో అగ్గి మీద గుగ్గిలమైంది. "ఆడదానివి, నువ్వు కట్టడమేంటే? ఊళ్ళో వింటే నవ్విపోతారు." పక్కనే ఉన్న బాబాయి ఫోన్ అందుకున్నాడు. నలభై ఏళ్ళు గుంటూరు కోర్టులో నలిగిన మనిషి. "వదినా, 1956లో మన దేశంలో వచ్చిన చట్టమే పిల్లల్ని పోషించే బాధ్యత తల్లి మీదా పెట్టింది. అమెరికా దాకా ఎందుకు?" అన్నాడు. అమ్మ ఇంకేం అనలేదుగానీ ఒప్పుకోనూ లేదు.

మార్చి 15, శనివారం

"నీ డబ్బు నాకొద్దు. సున్నా అని రాయించు, సంతకం పెడతా," అన్నాడు వాళ్ళ నాన్న. అలా రాసుకోవచ్చట. కానీ బిడ్డ అవసరాలకు లోటు రాదని ఇద్దరం చెప్పాలి, జడ్జి ఒప్పుకోవాలి. పైగా పరిస్థితులేవీ మారకపోయినా, చట్టం లెక్క ప్రకారమే కావాలని రేపెప్పుడైనా మళ్ళీ కోర్టుకెక్కొచ్చు.

"నా ఇంట్లో వాడికో గదుంది. నీ దగ్గర హాల్లో మడత మంచం మీద పడుకుంటున్నాడు. నీ రోషానికి వాడెందుకు ఇరుకున పడాలి?" అన్నాను. జవాబు చెప్పలేదు. మంగళవారం మెసేజ్ పెడతానన్నాడు.

మార్చి 18, మంగళవారం

మెసేజ్ వచ్చింది. అదే బడి పరిధిలో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ చూశాడట. 525 కలిస్తే అద్దెకు సరిపోతుందట. థాంక్స్ అనలేదు, అనక్కర్లేదు కూడా.

మార్చి 21, శుక్రవారం

ఇంకో చిక్కు. కోర్టు సగమంటే సగమే; ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు రాత్రులు లెక్కపెడతారు. ఏడాదికి 365 రాత్రులు, సగానికి తెగవు. ఎవరింట ఒక్క రాత్రి ఎక్కువ పడుకుంటే పిల్లాడి పేరు మీద పన్ను రాయితీ మామూలుగా వాళ్ళదే. లీపు సంవత్సరంలో సరిసమానంగా వస్తే ఆదాయం ఎక్కువున్నవాళ్ళది. ఏడాది విడిచి ఏడాది వాడుకుందామని రాసుకున్నాం.

ఆ 525కి జీతంలోంచి కోత వద్దు, నువ్వే పంపించు, నీ ఆఫీసులో తెలియడం దేనికి అన్నాడు వాళ్ళ నాన్న. నా పరువు కోసమే అన్నాడని తెలుసు. అయినా కోతే రాయించాను. నెలనెలా నేను ఇవ్వడం, ఆయన పుచ్చుకోవడం ఉంటే, చిన్నోడికి జ్వరమొచ్చిన రోజు మాట్లాడుకోవాల్సిన మాటల్లోకి కూడా ఆ డబ్బు దూరుతుంది.