చీరకో బకెట్టు!

'పాతచీరలకు స్టీలు సామాన్లూ... ప్లాస్టిక్ బకెట్లూ...'

మగవాళ్లు పనులకీ పిల్లలు బళ్లకీ వెళ్లిపోయిన వేళ చూసుకుని వస్తుంది కేక. గుమ్మంలో గంప దిగుతుంది. ఆ గంపామె చీర మడత విప్పి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటుంది. చిరుగుందా, అంచు గట్టిగా ఉందా, జరీ ఏమైనా మిగిలిందా... అన్నీ చూపుతోనే లెక్క. ఇల్లాలు రెండు చీరలకు బకెట్టు ఇమ్మంటుంది. ఆమె నాలుగు కావాలంటుంది. చివరికి మూడు చీరలూ ఓ ప్యాంటూ దగ్గర బేరం తెగుతుంది. బట్ట ప్లాస్టిక్‌గా మారే విద్యల్లో కృష్ణా జిల్లా ఇళ్లకు బాగా తెలిసింది ఇదే!

ఆ మూట అక్కణ్నుంచి ఎటు పోతుందో తెలియాలంటే హనుమాన్ జంక్షన్ లాంటి చోట నిలబడాలి. విజయవాడ నుంచి ఏలూరు వైపు సుమారు 40 కిలోమీటర్లు. ఒకప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు... నాలుగు దారులూ కలిసే ఊరు. చుట్టుపక్కల వాళ్లకు ఉట్టి 'జంక్షన్' అంటే చాలు. అభయాంజనేయస్వామికి దణ్నం పెట్టుకుని బండి కదిలించే డ్రైవర్లు ఎందరో. 2001లో వచ్చిన సినిమాతో ఊరి పేరు రాష్ట్రమంతా మోగింది. నూజివీడు రైల్వేస్టేషన్ ఉన్నది కూడా ఇక్కడే. పేరు చూసి దిగినవాళ్లు అసలు నూజివీడు చేరాలంటే మళ్లీ బస్సెక్కాల్సిందే!

పాతబట్టకీ ఇలాగే నాలుగు దారులు. బాగున్నది ఇస్త్రీ మడతలు పడి సంతకెళ్తుంది. మెత్తని నూలుదైతే ముక్కలై మెకానిక్ షెడ్డులో గ్రీజు చేతులు తుడుస్తుంది. షెడ్డుల్లో దాని పేరే 'వేస్టు'. ఉన్ని, కలగాపులగం సరుకు దూరాన హర్యానాలోని పానిపట్టు లాంటి చోట్లకు చేరి, పీచుగా చిరిగి, దారమై, చవక దుప్పటిగా తిరిగొస్తుంది. నాలుగోది చెత్తకుప్ప, కాలవగట్టు. మనదేశంలో ఏటా పోగయ్యే బట్టల వ్యర్థం, మిల్లుల తుక్కూ దిగుమతులూ కలుపుకుని, దాదాపు 78 లక్షల టన్నులని 2022లో వెలువడిన ఓ నివేదిక అంచనా.

మన అమ్మమ్మల కాలంలో ఈ నాలుగో దారి పెద్దగా లేదు. నూలుచీర చిరిగితే పిల్లకు లంగా, అది పాతబడితే బొంత, ఆపైన మసిగుడ్డ. చివరి పీలిక దీపంలో వత్తి. ఏదీ మిగిలేది కాదు, మిగిలినా మట్టిలో కలిసేది. ఆ వరస తెగింది పాలిస్టర్‌తోనే. తడిపితే ఇట్టే ఆరుతుంది, ముడత పడదు, ధర తక్కువ. ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్లకు అది చిన్న సుఖమేం కాదు. కానీ నీళ్లు పీల్చదు కాబట్టి మసిగుడ్డకూ పనికిరాదు.

ఏది ఏదో చెప్పడానికి బట్టల కొట్లవాళ్లకు పాత పరీక్ష ఒకటుంది. ఓ పోగు లాగి అగ్గిపుల్ల ముట్టిస్తారు. నూలైతే కాగితం కాలిన వాసనేసి బూడిదవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఆ పూస ప్లాస్టిక్కే. మంచినీళ్ల సీసా దేనితో చేస్తారో, అదే పదార్థం!

అందుకే పాలిస్టర్ బట్టను తిరిగి కరిగించవచ్చు. తుంచి, తడి పూర్తిగా ఆర్పి, దాదాపు 260 డిగ్రీల పైన కరిగించి, జల్లెడ పట్టి, సేమ్యాలా లాగి, గింజలుగా కోస్తారు. తడి మిగిలితే కరిగేటప్పుడు అణువుల గొలుసులు తెగి సరుకు పెళుసవుతుంది. రంగు పోదు కాబట్టి ముదురు గింజలే ఎక్కువ. బట్టకు వాడే పాలిస్టర్‌లో ఆ గొలుసులు పొట్టివి. అలాగే సీసా ఊదడం కష్టం. మళ్లీ దారం తీయవచ్చు, గాజుపీచు కలిపి గట్టి విడిభాగాలు అచ్చుపోయవచ్చు. మన బకెట్టు మాత్రం వేరే జాతి ప్లాస్టిక్.

నూలు కరగదు, మాడుతుంది. అయినా ప్లాస్టిక్‌తో దాని స్నేహం పాతదే. 1907లో అమెరికాలో బేకలాండ్ తయారుచేసిన బేకలైట్ గట్టిదే గానీ పెళుసు. దెబ్బకు ఆగాలని అందులో రంపపు పొట్టు, తరిగిన గుడ్డపీలికలు కలిపేవారు. అదే జిగురులో నూలుగుడ్డ పొరలు ముంచి వేడిగా నొక్కితే చప్పుడు చేయని పళ్లచక్రాలు తయారయ్యేవి. మన ఇళ్లలో బల్లల మీద కనిపించిన హైలం షీటు ఈ బంధువర్గంలోదే. అందులో గుడ్డ బదులు కాగితం పొరలుంటాయి.

నూలూ పాలిస్టరూ కలగలిసిన బట్టను ఏం చేయాలి? పీచుగా చీల్చి, కరిగే ప్లాస్టిక్ పీచు కలిపి, వేడిగా నొక్కుతారు. వాహనాల తలుపుల లోపలి పలకలు, చప్పుడు ఆపే మందపాటి అట్టలు ఇలాగే వస్తాయి. జంక్షన్ ఉన్న బాపులపాడు మండలంలోనే, మల్లవల్లిలో, 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ మొదలైంది. గుడ్డపీలిక పుట్టే వీధికీ బస్సు పుట్టే షెడ్డుకీ ఒకే మండలం చిరునామా!

మధ్యలో అసలు పని ఏరడం. జాకెట్టు హుక్కులు, ప్యాంటు జిప్పులు, బొత్తాలు, సాగే లైక్రా... ఒక్కోటీ తీయాలి. నూలుచీరకు కుట్టిన ఫాల్ చాలాసార్లు వేరే రకం గుడ్డ. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, చేసేది కత్తిపీటతో, దుమ్ములో. యూరప్‌లో 2025 జనవరి నుంచి పాతబట్టలను విడిగా సేకరించడం తప్పనిసరి చేశారు. ఇక్కడ ఆ సేకరణ ఏ చట్టమూ లేకుండానే ఎన్నో ఏళ్లుగా గంపలమీద నడుస్తోంది. తుడిచే గుడ్డకూ పనికిరాని చీరను మాత్రం గంపామె కూడా వేళ్లతో నలిపి చూసి, వెనక్కిచ్చేస్తుంది.

సాయంత్రానికి గంపలో బకెట్లు తగ్గి మూట పెరుగుతుంది. దాన్ని ఏలూరు బస్సు పైకి ఎక్కించడానికి ఒకరు సాయం పట్టాలి. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోతే, ఆమె పొద్దుట చేసిన బేరమే మళ్లీ మొదలుపెడుతుంది.