శ్రమకాలంలో సెలవు

రాజమండ్రి చుట్టుపక్కల లూథరన్ కుటుంబాల్లో ఈస్టరుకు ముందొచ్చే 40 రోజుల్ని శ్రమకాలం అంటారు. బూడిద బుధవారం నుంచి లెక్కపెడితే 46 వస్తాయి, ఆదివారాలు తీసేస్తే 40. ఇంగ్లీషు లెంట్ అనే మాటకి మూలంలో వసంతం అని అర్థం. తెలుగులో మాత్రం శ్రమ. క్రీస్తు పడిన బాధ అనే అర్థంలోనే వాడారు, నిజమే. కానీ పిహెచ్‌డి రోజుల్లో ‘స్త్రీల శ్రమ’, ‘గుర్తింపు లేని శ్రమ’ అంటూ పేజీలకు పేజీలు రాసిన నాకు, చర్చిలో ఆ మాట వినబడినప్పుడల్లా రెండో అర్థమే ముందు తడుతుంది.

డెల్టాలో ఈ రెండర్థాలూ ఒకే నెలల్లో పడతాయి. ఫిబ్రవరి, మార్చి అంటే దాళ్వా చేలు. ఈస్టరు ఆలస్యమైతే కోతలు కూడా కలుస్తాయి. కోనసీమలో మా అమ్మమ్మ శ్రమకాలం శుక్రవారాలు ఉపవాసం ఉండేది. చీకటితోనే లేచి ఇంటిల్లిపాదికీ వండి, కూలికెళ్లి, మధ్యాహ్నం కాళ్లు కడుక్కుని ప్రార్థనకి కూర్చునేది. ఉపవాసం ఆవిడకే, పొయ్యికి కాదు.

రోజువారీ బతుకు నుంచి పక్కకి జరిగి కాసేపు దేవుడి దగ్గర ఉండమనే మాట మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. తినడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని యేసు ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి తీసుకెళతాడు. రిట్రీట్లలో ఈ భాగం చదవని పాస్టరు గారుండరు. చాలామంది అక్కడితో ఆపేస్తారు. తర్వాతేమైంది? జనం కాలినడకన వాళ్లకంటే ముందే అక్కడికి చేరిపోయారు. విశ్రాంతి కాస్తా అయిదువేల మంది భోజనాలుగా మారింది. స్త్రీలూ పిల్లలూ ఆ లెక్కలో లేరని మత్తయి చెప్పాడు. రొట్టెలు ఒక అబ్బాయి దగ్గరున్నాయని యోహాను రాశాడు. అవి కాల్చి ఇచ్చిందెవరో ఎవరూ రాయలేదు.

పోయినేడాది శ్రమకాలంలో గోదావరి గట్టున జరిగిన మూడు రోజుల స్త్రీల రిట్రీట్‌కి అమ్మని తీసుకెళ్లాను. అమ్మ రిటైరైన టీచరు. పెళ్లయ్యాక పురుళ్లకీ చావులకీ తప్ప ఇల్లు వదిలి రాత్రి బయట ఉన్న మనిషి కాదు. “మూడ్రోజులా? ఇల్లెవరు చూస్తారు?” అన్నారు నాన్న. వద్దనలేదు, ఆ ప్రశ్న ఒక్కటే. దానికి జవాబుగా అమ్మ రెండు రోజులు వండింది. పులిహోర, వేపుడు, చారుపొడి, ఏ డబ్బాలో ఏముందో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించడం. సెలవుకి ముందే ఆ సెలవు ఖరీదు చెల్లించేసింది.

మొదటి రోజు ప్రసంగం మార్త, మరియల మీద. మరియలా పాదాల దగ్గర కూర్చోండి, మార్తలా పనుల్లో పడి కొట్టుకుపోకండి అని పాస్టరు గారు చెబుతుంటే, హాలు వెనక నుంచి పోపు వాసన వస్తోంది. అక్కడ నలుగురు ఆడవాళ్లు యాభై మందికి వండుతున్నారు. మధ్యాహ్నం వెళ్లి, “మీరు కూటానికి రారా అండీ?” అని అడిగాను. వాళ్లలో పెద్దావిడ గరిటె ఆపకుండానే, “మేం కూడా వచ్చి కూకుంటే మీకు వొంటెవరు సేత్తారండీ?” అంది. ఆ మాటలో కోపం లేదు. నాకదే ఇబ్బందనిపించింది. ఇది చర్చికే ప్రత్యేకమని మాత్రం అనుకోను. మనం ఊరి చివర పెట్టుకునే రచయిత్రుల వర్క్‌షాపుల్లో, విమల ‘వంటిల్లు’ గురించి వాదించుకున్నాక తినే అన్నం కూడా ఇలాంటి వాళ్లు వండిందే.

ఆ మధ్యాహ్నం ధ్యానంలో అమ్మ నిద్రపోయింది. గోడకి చేరబడి, బైబిలు ఒళ్లో పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. లేపబోయాను. పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. సాయంత్రం దాకా ఎవరూ లేపలేదు. అప్పుడు నాకు ఏలీయా గుర్తొచ్చాడు. యెజెబెలుకి భయపడి పారిపోయి, ఇక చాలు, చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకున్నవాడికి దేవదూత బోధ చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చింది. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అదే. నూతన బలం అని మనవాళ్లు పాడుకునేది అక్కడ మొదలైంది: ఇంకొకరు వండిన తిండితో, ఎవరూ లేపని నిద్రతో. మా అమ్మకి ఈ రెండూ కలిసి దొరకడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇదంతా సేఫ్టీ వాల్వ్ కదా, ఆడవాళ్లని సర్వీసింగ్ చేసి మళ్లీ అదే చాకిరీకి పంపడం కదా, అని యూనివర్సిటీలో ఒక స్నేహితురాలు అంది. కాదనలేను. కానీ పక్కకి వెళ్లినవాళ్లు ప్రతిసారీ వెళ్లినట్టే తిరిగి రాలేదు. 1905లో కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో ప్రార్థనకి కూర్చున్న యువతులు, తర్వాత బృందాలుగా ఊళ్ల మీదికి వెళ్లారు. వాళ్లలో వితంతువులున్నారు, కరువులో అందర్నీ పోగొట్టుకున్నవాళ్లున్నారు. మన డెల్టాలో కూడా మిషన్ల కాలంలో బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగారు. కొద్దిపాటి జీతం, చేతిలో పుస్తకం, మగతోడు లేని నడక. ఆ నడక మీద మనవాళ్లు చేసిన పరిశోధన ఇంకా తక్కువే.

రెండో రాత్రి వంటవాళ్లు కూడా మాతో హాల్లోనే పడుకున్నారు. దీపాలార్పాక మాటలు మొదలయ్యాయి. కోడళ్లు, అప్పులు, గర్భసంచి తీయించుకున్నాక వచ్చే నడుంనొప్పి. ప్రార్థనకీ కబుర్లకీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టం. అమ్మ పెళ్లికి ముందు తను హార్మోనియం వాయించేదాన్నని చెప్పింది. ముప్పై ఏళ్లు దాటిన నాకు అది కొత్త సంగతి.

ఆఖరి రోజు, వచ్చే ఏడు వంట వంతులవారీగా అందరం చేద్దామని నేనన్నాను. సగంమంది సరేనన్నారు. వంటావిడ మాత్రం, “మరి మా కూలో?” అంది. దానికి అక్కడెవరి దగ్గరా జవాబు లేదు. కూలి ఇచ్చి కూడా కూర్చోబెట్టాలని అమ్మే అంది, అందరికంటే చివర.

ఈ ఏడాది నాలుగు రోజులుంటానని నాన్నతో చెప్పేసింది. కాగితాలేవీ అంటించనని కూడా. ఆయనింకా ఏమీ అనలేదు.