ఉత్తరాలు పంపే ఆదేశం

మా సాహితీ మిత్రులు నెలకొకసారి సమావేశమవుతారు. ఆ ఆహ్వానాన్ని నూటనలభై మందికి వేగు ద్వారా పంపడానికి లినక్సులో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాను. బొమ్మలూ మీటలూ ఏమీ లేవు. టెర్మినల్లో ఒక్క వాక్యం టైపు చేస్తే పని జరుగుతుంది. ఉత్తరం పంపే భాగం రెండు సాయంత్రాల్లో పూర్తయింది. దానికి ఏయే ఐచ్ఛికాలు, అనగా ఆప్షన్లు, ఉండాలో తేల్చుకోవడానికే నెల పట్టింది.

దాన్ని నడిపేది నేను కాదు, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. ఆయన అడిగినది ఒక్కటే: "ఏం నాయనా, అది ఏం చేయబోతోందో చేసే ముందు నాతో చెబుతుందా?"

ఈ పనిముట్లది పెద్ద వంశం. 1980ల ఆరంభంలో బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ వ్రాసిన సెండ్‌మెయిల్ అందులో పెద్ద తలకాయ. నెట్‌వర్కుకొక చిరునామా పద్ధతి ఉన్న కాలం కనుక దానిలో దాదాపు ప్రతిదాన్నీ మార్చుకునే వీలు కల్పించారు. చివరకు ఆ అమరిక ఫైలును చేత్తో వ్రాయడం దుర్లభమై, ఎం4 అనే మరో భాషలో నాలుగు ముక్కలు వ్రాసి దాన్నుండి పుట్టించుకునే పద్ధతి వచ్చింది.

ఆ సెండ్‌మెయిల్లోనే ఒక చిత్రమైన ఐచ్ఛికం ఉంది: అడ్డగీత, పక్కన ఐ అనే ఆంగ్లాక్షరం. మామూలుగా అది ఉత్తరాన్ని చదువుతూ పోయి, ఒక పంక్తిలో చుక్క ఒక్కటే కనబడితే ఉత్తరం అయిపోయిందనుకుంటుంది. అలా అనుకోవద్దని చెప్పడానికి ఆ ఐ. మా కవుల్లో ఒకరికి చరణాల నడుమ ఒంటి చుక్క పెట్టే అలవాటుంది. ఆ ఐచ్ఛికం మరచిన రోజున ఆయన కవిత మొదటి చరణంతోనే ముగిసిపోతుంది. (సంతోషించేవారూ ఉండవచ్చు, అది వేరే సంగతి.) కవిత సగంలో ఆగాలని ఎవరూ కోరుకోరు కదా! కనుక నా ప్రోగ్రాములో ఆ ప్రశ్నే లేదు. చుక్క ఎప్పుడూ చుక్కే.

లిపి సంకేతాలను ఎంచుకునే ఐచ్ఛికమూ పెట్టలేదు. ఒక్కో పత్రికకూ ఒక్కో ఖతి ఉన్న రోజులు చూసినవాళ్ళం, మళ్ళీ ఆ తలుపు తెరవడం నాకిష్టం లేదు. యూటీఎఫ్-8 ఒక్కటే. శీర్షిక దగ్గర మాత్రం కొంత తిప్పలు తప్పదు. పాత సర్వర్లకూ అర్థం కావాలంటే తెలుగు శీర్షికను బేస్64లోకి మార్చి, 75 అక్షరాలు మించని ముక్కలుగా పంపాలి. మన లిపిలో ఒక్కో సంకేతం 3 బైట్లు, అది బేస్64లో సరిగ్గా 4 అక్షరాలు. ముందువెనుకల గుర్తులకు 12 పోగా, ముక్కకు 15 సంకేతాలు పడతాయి. "శ్రీ" ఒక్కదానికే 4 ఖర్చు! ఇదంతా ప్రోగ్రాము పడవలసిన పాటు, మాస్టారిది కాదు.

సంకేతపదాన్ని ఆదేశంలోనే టైపు చేసే వీలు ఉంటే బాగుంటుందని ఒక మిత్రుడు అన్నాడు. ససేమిరా అన్నాను. లినక్సులో సాధారణంగా ఒకరు నడిపే ఆదేశాన్ని అదే యంత్రంలో ఉన్న ఇతరులు అక్షరం పొల్లు పోకుండా చూడగలరు. పైగా షెల్లు చరిత్రలోనూ మిగిలిపోతుంది. ఎంఎస్ఎంటీపీ అనే పనిముట్టు తన అమరిక ఫైలులో సంకేతపదం ఉంటే, ఆ ఫైలు యజమానికి తప్ప ఎవరికీ కనబడకూడదని పట్టుబడుతుంది. ఆ పట్టుదల నాకు నచ్చి అలాగే చేశాను. సర్వరు పేరు, 587 అనే పోర్టు సంఖ్య, పంపేవారి చిరునామా అన్నీ ఆ ఫైలులోనే ఉంటాయి. ఆదేశంలో వేరేగా వ్రాస్తే ఆ పూటకు అదే చెల్లుతుంది.

ఇక మాస్టారి ప్రశ్న. గిట్‌లో ప్యాచీలను వేగులో పంపే ఆదేశానికి డ్రై-రన్ అనే ఐచ్ఛికం ఉంది. అది ఇస్తే అన్నీ చేసి చూపి, పంపడం ఒక్కటి మానేస్తుంది. కానీ ఆ జాగ్రత్త గుర్తున్నవారికే ఆ రక్షణ! నేను దాన్ని తిరగవేశాను. నా ఆదేశం అప్రమేయంగా ఏమీ పంపదు. శీర్షికనూ చిరునామాలనూ వరుసగా చూపి ఊరుకుంటుంది. నిజంగా పంపాలంటే రెండు అడ్డగీతలు పెట్టి "పంపు" అన్న మాటను ఆంగ్ల లిపిలో పూర్తిగా టైపు చేయాలి. దానికి పొట్టి రూపం లేదు.

ఆ చూపే జాబితాయే మాస్టారిని ఒకనాడు ఆపింది. మా పెద్దమనిషి ఒకాయన కాలం చేస్తే సంస్మరణ సభకు ఆహ్వానం సిద్ధం చేస్తున్నారు. పంపవలసిన చిరునామాల్లో మూడవది ఆయనదే. ఆయన వేగులు ఇప్పుడు ఇంట్లో ఆయన భార్య చూస్తున్నారు. మాస్టారు చాలాసేపు తెరవైపు చూసి, "ఈ ఒక్కరికి వద్దని చెప్పే వీలుందా?" అన్నారు. జాబితా ఫైలులో ఆ పంక్తి చెరిపేస్తే చాలునన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆ రాత్రే "వినా" అనే ఐచ్ఛికం చేర్చాను. పక్కన చిరునామా ఇస్తే ఆ ఒక్కరినీ వదిలేస్తుంది. అప్పటినుండి ప్రతి నెలా మాస్టారు ఆ చిరునామాను మొత్తం టైపు చేస్తారు. అమరిక ఫైలులో ఒకసారి వ్రాసిపెడితే శ్రమ ఉండదు కదా మాస్టారూ అన్నాను. అక్కరలేదు నాయనా అన్నారు.