గేటు ఎందుకు తీశారు?

చిత్తూరు నుంచి రోజూ పొద్దున్నే తిరుపతి బస్సెక్కే ఆ ఎంబీఏ అమ్మాయి బ్యాగులో ఆవేళ నాలుగు పేజీల కాగితాలున్నాయి. క్లాసులో చర్చకు ఇచ్చిన కేస్ స్టడీ. విషయం ఊరందరికీ తెలిసిందే. శ్రీవారి దర్శనానికి క్యూ!

కేస్ స్టడీ అంటే ఏమిటో ఇంట్లోవాళ్లకు చెప్పడం ఆమెకెప్పుడూ కష్టమే. అందులో సూత్రాలుండవు, చివర్లో జవాబూ ఉండదు. ఒక అధికారికి ఒకరోజు వచ్చిపడిన చిక్కు మాత్రం ఉంటుంది. 'ఆ కుర్చీలో నువ్వుంటే ఏం చేస్తావు?' అని అడుగుతారు. నూరేళ్ల కిందట హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఈ పద్ధతిని పట్టుకుంది. 1961లో మొదలైన అహ్మదాబాద్ ఐఐఎం దాన్ని మన దగ్గర బాగా వాడింది. అయితే ఎక్కువగా కంపెనీల కథలే. లాభమో నష్టమో లెక్క చూస్తే తేలిపోతుంది. ప్రభుత్వ ఆఫీసుకో, దేవస్థానానికో ఆ కొలత చాలదు. గుమ్మం దాకా వచ్చినవాళ్లను 'పక్క కొట్టుకు వెళ్లండి' అనలేరు కదా!

తిరుపతిలో ఈ చదువు చదివేవాళ్లకు కేసులు వెతుక్కునే పని లేదు. పీవీఆర్‌కే ప్రసాద్ 1978 నుంచి 1982 దాకా టీటీడీ ఈవోగా పనిచేశారు. ఆ అనుభవాలనే 'నాహం కర్తా హరిః కర్తా' పుస్తకంగా రాశారు. చాలా ఇళ్లలో దాన్ని భక్తి పుస్తకంగానే చదువుతారు. కానీ నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి పడే అవస్థ కోసం చదివినా అది మంచి పుస్తకమే. తర్వాతి రోజుల్లో ఆయన హైదరాబాద్‌లో అధికారులకు శిక్షణనిచ్చే మర్రి చెన్నారెడ్డి సంస్థకు అధిపతిగానూ ఉన్నారు.

క్యూ సంగతే చూడండి. గంటల తరబడి నిలబడే జనాన్ని వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టారు. ఎదురుచూపులు తగ్గలేదు గానీ కాళ్ల నొప్పులు తగ్గాయి. ఆ తర్వాత టైము వేసి టోకెన్లు ఇచ్చారు. ఆ టైముకే వస్తే చాలు, అంతవరకూ ఎక్కడైనా ఉండొచ్చు. మంచి ఆలోచనే. కానీ టోకెన్ కోసం కొత్తగా ఇంకో క్యూ పుట్టింది. కొండమీది రద్దీలో కొంత కిందికి, తిరుపతి వీధుల్లోకి దిగింది.

ఆ నాలుగు పేజీలూ 2025 జనవరి 8 సాయంత్రం దగ్గర ఆగాయి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మర్నాడు తెల్లవారుజామున ఇవ్వాలి. జనం ముందురోజే వచ్చేశారు. బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాట జరిగింది. నగరంలో ఆ రాత్రి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. అస్వస్థతకు గురైన ఒక మహిళ కోసం గేటు తీస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం తోసుకొచ్చారని అప్పట్లో వార్తలొచ్చాయి.

క్లాసులో ఆమె జట్టు బోర్డు నింపేసింది. కౌంటర్లు పెంచాలి, బారికేడ్లు గట్టివి పెట్టాలి, ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. మాస్టారు బాగుందన్నారు. ఆమెకు మాత్రం తృప్తి కలగలేదు. ఆ రాత్రి వాళ్ల చిన్నమ్మ కూడా నగరంలోనే, వేరే కేంద్రం దగ్గర వరసలో ఉంది.

ఇంటికెళ్లి కాగితాలు చదివి వినిపించింది. చిన్నమ్మ చింతపండు పిసుకుతూ అంతా వింది.

"గేటు కదిలితే చాలు పాపా, అందరం లేస్తాం. ఎందుకు తీసినారో వెనకాలున్నోళ్లకి ఎట్ల తెలుస్తాది? ఇప్పుడు పోకుంటే దర్శనం పోతాదనే గదా భయం. మైకులో ఒక మాట చెప్తే కూసుంటాం." కాసేపాగి అడిగింది: "అవునూ, ఆ కాగితాల్లో మేం యాడుండాం?"

అమ్మాయి వెతికింది. మూడో పేజీలో 'రద్దీ' అన్న ఒక్క మాట దొరికింది.

మర్నాడు మాస్టారికి ఆ మాటే చెప్పింది. ఆయన క్లాసులో సగం మందిని వరండాలోకి పంపి తలుపు మూయించారు. లోపలివాళ్లు ఈవో కార్యాలయం, బయటివాళ్లు భక్తులు. తలుపు ఒక్కసారే తీయాలి, ఒక్క మాటే చెప్పాలి.

తలుపు తెరుచుకుంది. లోపల ఎవరో ఏదో అన్నారు. వరసలో చివరనున్న ఆ అమ్మాయికి వినబడలేదు. కానీ ముందువాళ్లు కదిలారు. ఆమె కూడా కదిలింది.